తలుపుకి అడ్డం పెట్టిన కెమెరా

ఆ కెమెరా బరువు ఒకటిన్నర కిలో. ఈ సంగతి మొదటే చెప్పేస్తే మంచిది. తర్వాత జరిగిన గొడవలో సగం ఆ బరువు వల్ల జరిగింది, మిగతా సగం మన ఫోటోగ్రాఫరు బుద్ధి వల్ల జరిగింది.

చూడ్డానికి అది మామూలు కెమెరాయే, కాకపోతే మూడింతలు. మెడలో వేసుకుంటే మనిషి ముందుకి వంగి నడవాలి. బ్యాటరీ లేదు, తెర లేదు, వెలుతురు ఎంతుందో చెప్పే ముల్లు లేదు. నాలుగు వేళ్ళ వెడల్పు ఫిల్ము రోలు వేస్తే ఎనిమిదంటే ఎనిమిదే ఫోటోలు వస్తాయి. తీసేవాడు లెన్సులోంచి చూడడు, పైన మూలగా ఉన్న చిన్న కిటికీలోంచి చూస్తాడు. అందులో ఎదుటి మనిషి ఇద్దరుగా కనిపిస్తాడు. లెన్సు తిప్పి ఆ ఇద్దర్నీ ఒకడిగా కలిపితే ఫోకసు కుదిరినట్టు. ఇంత చాకిరీ చేయించుకునే వస్తువు మీద మనసు పారేసుకునేవాళ్ళు లోకంలో బహు తక్కువ. మన ఫోటోగ్రాఫరు పదకొండేళ్ళుగా ఆ తక్కువమందిలో ఒకడు.

బస్సు డిపో ఎదురుగా అతనికో ఫోటోల దుకాణం ఉంది. ఒక స్టూలు, ఒక తెల్ల గుడ్డ, రెండు లైట్లు, గోడకి అద్దం, అద్దం పక్కన ఎవరూ ఎత్తుకుపోకుండా దారంతో కట్టిన దువ్వెన. అతని దగ్గరికి ఫోటో మీద ప్రేమతో వచ్చేవాళ్ళు లేరు. ఏదో ఆఫీసువాళ్ళు అడిగారు కాబట్టి వస్తారు. నవ్వకూడదు, తల వంచకూడదు, చెవులు రెండూ కనిపించాలి. ఇరవై ఏళ్ళుగా అతను జనం చెవులు సర్దుకుంటూ బతుకు వెళ్ళదీస్తున్నాడు. ఆ ఫోటోలు చూసుకుని 'బాగుంది' అన్నవాడు ఇంతవరకు పుట్టలేదు.

అతని భార్య గుండీల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. ఇరవై రెండేళ్ళ సర్వీసు. ఆమె గొంతు విప్పితే కటింగు మిషన్లు వినపడవని అంటారు. కిందివాళ్ళని తిట్టేది, పైవాళ్ళని తిట్టేది, ఎవరూ దొరక్కపోతే నాలుగు చిల్లులకి బదులు మూడు చిల్లులతో వచ్చిన గుండీని చేత్తో పట్టుకుని దాన్నే తిట్టేది. జిప్పులు వచ్చినా తట్టుకున్న ఆ ఫ్యాక్టరీ, యజమాని కొడుకుల వాటాల తగాదా తట్టుకోలేకపోయింది. నెలాఖరుకి మూసేస్తున్నామని గేటుకి నోటీసు అంటించారు. ఆ రోజు నుంచి ఆమె ఎవర్నీ తిట్టలేదు. ఇంట్లో కూడా తిట్టలేదు. ఫోటోగ్రాఫరుకి మొదట రెండు రోజులు హాయిగా అనిపించింది. మూడో రోజు నుంచి భయం వేసింది.

చివరి శనివారం మధ్యాహ్నం అందరూ కలిసి ఒక ఫోటో దిగుదామనుకున్నారు. మొత్తం రెండు వందల పన్నెండు మంది. మేనేజరు తన ఫోను తీసి, "నేను తీసి అందరికీ పంపించేస్తాను" అన్నాడు.

అప్పుడామె లేచి నెమ్మదిగా, "ఫోన్లో తీస్తే రెండు వందల పన్నెండు చుక్కలు పడతాయి సార్. మావారు తీస్తారు. గోడంత చేసి ఇస్తారు. ఎవరి కనురెప్పలు వాళ్ళు లెక్కపెట్టుకోవచ్చు" అంది. మొగుడి ఫోటోల గురించి ఆమె నలుగురిలో మంచి మాట అనడం అదే మొదటిసారి. ఇంటికొచ్చి ఆ ముక్క అతనికి చెప్పి, "నా మాట మీ చేతుల్లో పెట్టాను. జాగ్రత్త" అంది, అంతే. రెండేళ్ళ కిందట అతను ఉన్న ఒక్క పెద్ద కెమెరాని మెట్ల మీంచి జారవిడిచాడు. పూర్వమైతే ఆ మెట్లన్నీ ఒక్కొక్కటే లెక్కపెట్టి మరీ గుర్తుచేసేది.

దుకాణంలో ఉన్న కెమెరా చెవుల వరకు పనికొస్తుంది గానీ, గోడంత చేస్తే మొహాలన్నీ పిండిముద్దలవుతాయి. పెళ్ళిళ్ళ ఫోటోలు తీసే స్నేహితుడిని అడిగితే శనివారం అతనికే రెండు పెళ్ళిళ్ళున్నాయి. సరిగ్గా అప్పుడే కూరగాయల కొట్టు బోర్డు మీద ఒక కాగితం కనిపించింది. 'పాత పెద్ద కెమెరా అమ్ముతాము. ఫిల్ముది. చాలా బరువు. ఫోను చెయ్యొద్దు, రండి.' అతను ఆ కాగితాన్ని ఇంకెవరూ చూడకుండా చింపి జేబులో పెట్టుకున్నాడు. అతని బుద్ధి ఎలాంటిదో అక్కడే తెలిసిపోతుంది.

మూడో అంతస్తులో చివరి ఇల్లు. బాల్కనీ తలుపు గాలికి నిమిషానికోసారి ధడేల్మని కొట్టుకుంటోంది. తలుపు తీసినావిడకి డెబ్బై ఏళ్ళుంటాయి. కళ్ళజోడు తాడుతో మెడలో వేలాడుతోంది. భోజనాల బల్ల మీద, పాత పేపరు మీద, కెమెరా కూర్చుని ఉంది.

"మీవారు వాడేవారాండీ?" అని అడిగాడతను, పోయినవాళ్ళ గురించి అడిగే గొంతుతో.

"ఎవరు, ఈయనా?" అని ఆవిడ వంటింటి వైపు చూసింది. అక్కడ బఠాణీలు ఒలుస్తున్న పెద్దాయన ఉత్సాహంగా చెయ్యి ఊపాడు. "ఈయనకి గ్యాసు పొయ్యి వెలిగించడమే సరిగ్గా రాదు."

మరి ఎవరు వాడినట్టు? ఆ అనుమానం అప్పుడే రావలసింది. రాలేదు. కెమెరా కనిపించాక అతని బుర్ర సెలవు పెట్టేసింది, చేతులొక్కటే డ్యూటీలో ఉన్నాయి. ఎత్తి చూశాడు. తిప్పి చూశాడు. అడుగున అద్దపు గడిలో పది ఫోటోలకొకసారి తిరిగే అంకెలుంటాయి. అక్కడ సున్నా నలభై ఒకటి ఉంది. అంటే నాలుగు వందల పది ఫోటోలు. కొత్తదే!

"ఒక్కటే చిక్కు, బాబూ" అంటూ ఆవిడ కెమెరా వెనక తలుపు తెరిచి, వెలుతురు వైపు పట్టి, మీట నొక్కింది. టక్‌మని లెన్సు మధ్యలో గుండ్రంగా తెరుచుకుంది. బాల్కనీ వెలుతురు లోపలికొచ్చి పడింది. తెరుచుకున్నది తెరుచుకున్నట్టే ఉండిపోయింది. "చూశావుగా. తెరుచుకుంటుంది, మూసుకోదు."

అతను చూశాడు. ఇంకోటి కూడా చూశాడు. లెన్సు చుట్టూ వేగాల అంకెలున్న సన్నటి ఉంగరం ఉంటుంది. ఆ అంకెల చివర 'టి' అనే అక్షరం ఉంటుంది. ఉంగరాన్ని దాని మీద పెడితే షట్టరు తెరుచుకుని అలాగే నిలబడుతుంది, బాగా మసకగా ఉన్నచోట నిమిషాల తరబడి తీసే ఫోటోల కోసం. ఒక్క గడి పక్కకి తిప్పితే మూసుకుంటుంది. ఇప్పుడు ఉంగరం సరిగ్గా ఆ అక్షరం మీద ఉంది. కెమెరాకి ఏ రోగమూ లేదు.

ఒక్క మాటతో అయిపోయే పని. అతను ఆ మాట అనలేదు. నాలుక చప్పరించాడు.

"అయ్యయ్యో, షట్టరు పోయిందండీ. లోపల స్ప్రింగు తెగి ఉంటుంది. వీటిని బాగుచేసేవాళ్ళు ఇప్పుడు లేరు. ఉన్నా సామాను దొరకదు." ఒక్కో అబద్ధానికీ అతని మొహంలో విచారం ఒక్కో పాలు పెరిగింది. "మీరు పెద్దవారు, ఎక్కడికని మోసుకెళ్తారు? నేనైతే పాత ఇనుము ధరకి తీసుకుంటాను."

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని అతన్ని తేరిపార చూసింది. "పోయిందంటావు."

"పోయిందండీ."

"ఖాయంగా?"

"మా అమ్మ మీద ఒట్టు." వాళ్ళమ్మ నాలుగు వీధుల అవతల నిక్షేపంలా ఉంది. ఇంతకుముందు ఆవిడ మీద వేసిన ఒట్లకే లెక్క లేదు.

"అయితే అమ్మను" అంది ఆవిడ. "పనిచెయ్యని వస్తువు ఒకరికి అంటగట్టడం నా చేత కాదు."

"పర్వాలేదండీ, నేను తెలిసే తీసుకుంటున్నాగా! దుకాణంలో అలంకారానికి పెట్టుకుంటాను."

"అలంకారానికైతే పూలకుండీ పెట్టుకో" అని ఆవిడ కెమెరా వెనక తలుపు మూసి, నింపాదిగా బాల్కనీ దాకా నడిచి, కొట్టుకుంటున్న తలుపుకి అడ్డంగా దాన్ని నేల మీద పెట్టింది. గాలి వచ్చింది. తలుపు ఒకసారి వణికి ఆగిపోయింది. ఇల్లంతా నిశ్శబ్దమైపోయింది. వంటింట్లోంచి పెద్దాయన తల బయటపెట్టి, "అబ్బ, ఎన్నాళ్ళకి!" అన్నాడు.

ఫోటోగ్రాఫరు పరిస్థితి కుడితిలో పడ్డ ఎలుకలా అయింది. కెమెరా బాగానే ఉందని చెబితే ఇంతసేపూ ఆడింది అబద్ధమని ఒప్పుకోవాలి. చెప్పకపోతే పదకొండేళ్ళ కల తలుపు కింద పడి ఉంటుంది. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని మెట్లు దిగాడు.

"దొరికిందా?" అని అడిగింది భార్య ఆ సాయంత్రం.

"బేరం నడుస్తోంది."

"సరే" అంది ఆమె. అంతకుముందు ఆమె నోట 'సరే' అన్న మాట ఒంటరిగా ఎప్పుడూ వచ్చింది కాదు, వెనకాల కనీసం పది మాటలు తోసుకుంటూ వచ్చేవి. ఇప్పుడా మాట ఒక్కటే వచ్చి బల్ల మీద పడింది. ఆమె కంచం ముందు కూర్చుని, బయట బస్సులు పోతుంటే చూస్తూ ఉండిపోయింది. ఈవిడ నన్ను తిట్టే రోజు మళ్ళీ రావాలి అని మొదటిసారి మనస్ఫూర్తిగా కోరుకున్నాడు.

గురువారం నాడు అతను మళ్ళీ ఆ మూడో అంతస్తు ఎక్కాడు. ఈసారి చేతిలో ఒక పొట్లం ఉంది. అతని బుర్ర రెండు రోజులు కష్టపడి కనిపెట్టిన ఉపాయం అందులో ఉంది.

తలుపు తీసింది పెద్దాయన. చేతిలో తడిగుడ్డ కట్టిన కర్ర ఉంది, ఇల్లు తుడుస్తున్నాడు. ఫోటోగ్రాఫరు కళ్ళెదుటే ఆ తడిగుడ్డ కెమెరా మీంచి ఒకసారి వెళ్ళింది, వెనక్కి ఒకసారి వచ్చింది. ఆ తర్వాత పెద్దాయన చెప్పుకాలితో దాన్ని తలుపు కిందికి ఒక తోపు తోశాడు. "మా ఇంట్లో ఇంత పనికొచ్చే వస్తువు ఇంకోటి లేదు బాబూ, నన్ను కలుపుకుని చెప్తున్నాను" అన్నాడు. కెమెరాకి చీమ కుట్టినట్టైనా లేదు. నొప్పంతా ఫోటోగ్రాఫరుకే కలిగింది.

"మళ్ళీ వచ్చావే?" అంటూ ఆవిడ గదిలోంచి వచ్చింది.

అతను పొట్లం విప్పాడు. "తలుపుకి అడ్డం పెట్టేదండీ. ఇనుముది. అడుగున రబ్బరు కూడా ఉంది. మీ కోసమే తెచ్చాను. ఆ పాతది నాకిచ్చేస్తే, పాపం, మీకు ఇల్లు శుభ్రంగా ఉంటుంది."

ఆవిడ ఆ ఇనప ముక్కని చేతిలో తూచి చూసింది. కెమెరా తీసి దాన్ని పెట్టింది. గాలి వచ్చింది. ఇనప ముక్క జారింది, తలుపు ధడేలుమంది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ ధడేలుమంది. మళ్ళీ కెమెరా పెట్టింది. తలుపు ఒద్దికగా నిలబడింది.

"ఇది జారుతోంది, అది కదలదు" అని ఆవిడ తీర్పు చెప్పింది.

"అయినా రోజూ తుడిచినప్పుడల్లా తియ్యడం, పెట్టడం దేనికీ?" అన్నాడు పెద్దాయన. సొరుగులోంచి ఒక ట్యూబు తీసి మూత తిప్పుతున్నాడు. "గట్టి జిగురు. నేలకి అంటించేస్తే మళ్ళీ చూసుకోనక్కర్లేదు. పైకెత్తు దాన్ని, లెన్సు వైపు పూస్తాను."

"ఆగండి!"

అంత పెద్ద కేక తన గొంతులో ఉందని ఫోటోగ్రాఫరుకే తెలియదు. మోకాళ్ళ మీద కూలబడి, కెమెరాని లాక్కుని, ఉంగరాన్ని ఒక్క గడి తిప్పాడు. టక్. షట్టరు మూసుకుంది. వెనకాల తలుపు ధడేలుమంది.

"ఇది బాగానే ఉందమ్మా" అన్నాడు తలెత్తకుండా. "దీనికేమీ కాలేదు. మొన్ననే తెలుసు నాకు. తక్కువలో వస్తుందని అబద్ధం ఆడాను."

పెద్దాయన ట్యూబుకి మూత పెట్టేశాడు.

"మీ అమ్మ బాగుందా?" అని అడిగింది ఆవిడ.

అతని మొహం కందిపోయింది. ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఆ ఉంగరం ఆ అక్షరం మీద పెట్టింది నేనే. వంతెనలు కట్టే కంపెనీలో ముప్ఫై ఏళ్ళు ఫోటోలు తీశాను, దాంతోనే. స్తంభాలు, బీటలు, బోల్టులు. వానలో, దుమ్ములో, క్రేను మీద వేలాడుతూ. ఒకసారి వంతెన మీంచి ఇసకలో పడింది, దులిపి మళ్ళీ తీశాను. అడుగున అంకెలు చూసి కొత్తదనుకున్నావు కదూ? అవి మూడుసార్లు చుట్టు తిరిగొచ్చాయి." ఆవిడకి నవ్వు వస్తోంది గానీ రానివ్వడం లేదు. "నీకంటే ముందు నలుగురొచ్చారు. నలుగురికీ కెమెరాలంటే ప్రాణమట. నలుగురూ షట్టరు పోయిందనే చెప్పారు. ఒకాయన కళ్ళు కూడా తుడుచుకున్నాడు. కాకపోతే వాళ్ళెవరూ మళ్ళీ రాలేదు. నువ్వొక్కడివే వచ్చావు, అదీ ఇనప ముక్క పట్టుకుని. ఏం, అంత అవసరమేమిటి?"

అతను చెప్పాడు. ఫ్యాక్టరీ, శనివారం, రెండు వందల పన్నెండు మంది, కనురెప్పలు. భార్య ఇచ్చిన మాట. అంతవరకు బాగానే చెప్పాడు. "ఇరవై అయిదు రోజులైందమ్మా, ఆమె నన్ను తిట్టి" అన్నప్పుడు కెమెరాని ఇంకాస్త దగ్గరికి పొదువుకున్నాడు. పెద్దాయన పక్కన నిలబడి, ఆ బాధ తనకి తెలిసినట్టే తలాడించాడు.

ఆవిడ కెమెరా తీసుకుని చీర చెంగుతో తుడిచి, దాని నల్ల మూత వెతికి తెచ్చి లెన్సుకి బిగించి ఇచ్చింది. ధర మాత్రం పూర్తి ధర చెప్పింది, అతను నోరెత్తకుండా ఒప్పుకున్నాడు. ఊళ్ళో ఫిల్ము దొరకడం లేదు, తెప్పించాలంటే వచ్చే వారం అంటున్నారు. ఆవిడ ఫ్రిజ్‌లోంచి, బఠాణీల డబ్బా వెనకాల నుంచి, పాడవకుండా దాచిన ఒక రోలు తీసి ఇచ్చింది. ఒక్కటే ఉంది.

"ఎనిమిదే వస్తాయి కదమ్మా" అన్నాడు దిగులుగా.

"బోల్టుకి నేనెప్పుడూ ఒక్కటే తీశాను. రెండోది తీస్తే కంపెనీవాళ్ళు ఎందుకని అడిగేవారు. ఇంకో మాట. శనివారం నేనూ వస్తాను. వంతెనలు తప్ప అదెప్పుడూ మనుషుల్ని చూడలేదు. చూద్దాం, ఎలా చూస్తుందో."

శనివారం మధ్యాహ్నం ఫ్యాక్టరీ వెనక ఆవరణలో కటింగు బల్లలు, బెంచీలు, గుండీల పెట్టెలు వేసి అయిదు వరసలు నిలబెట్టారు. ముందు వరస నేల మీద కూర్చుంది. రెండో వరస మధ్యలో సూపర్‌వైజరు, చేతులు కట్టుకుని, పెదాలు బిగించి. ఎవరో పక్కకి జరిగారు, ఆమె ఏమీ అనలేదు. ఎవరో టోపీ తియ్యలేదు, ఆమె ఏమీ అనలేదు. ఆమె కింద పనిచేసినవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. ఆమె అనకపోతే ఎలా నిలబడాలో వాళ్ళకి తెలియడం లేదు. మేనేజరు ఒక చేత్తో ఫోను పట్టుకుని, ఇంకో చేతికున్న గడియారం చూసుకుంటూ, "పావుగంటలో కానివ్వాలి" అన్నాడు.

ఫోటోగ్రాఫరు ఒక గుండీల పెట్టె ఎక్కి, కాళ్ళ స్టాండు మీద కెమెరా బిగించాడు. వెనకాల వంతెనలావిడ కుర్చీలో కూర్చుంది, పక్కన గొడుగు పట్టుకుని వాళ్ళాయన. లెన్సు చుట్టూ ఉండే ఎండ గొట్టాన్ని అతను దర్జాగా ముందుకి లాగాడు. కిటికీలోంచి చూశాడు. ఇద్దరు భార్యలు కనిపించారు. ఇద్దర్నీ కలిపి ఒకతెను చేశాడు. ఎంత చక్కగా కలిసింది! అతని ఒళ్ళు పులకరించింది.

"ఒకటి... రెండు..." అని రెండు దగ్గరే నొక్కాడు. మూడు అనేసరికి జనం కళ్ళు మూస్తారని ఇరవై ఏళ్ళ అనుభవం. టక్. ఆ చప్పుడుకి ముందు వరస ఉలిక్కిపడింది. మీట తిప్పాడు. మళ్ళీ ఒకటి, రెండు, టక్. కుడి చివరివాళ్ళు దగ్గరికి జరగండి. టక్. ఆ వెనక పొడుగాయన కాస్త వంగండి. టక్. చెవులు కనిపించాలి అని అలవాటుగా అరిచాడు, ఎవరూ నవ్వలేదు. టక్. ఎండ పెరిగింది. మొహాలు వాడిపోయాయి. టక్. ఏదో పోగొట్టుకున్నవాళ్ళని వరసలో నిలబెట్టినట్టుంది, నిజానికి సంగతి కూడా అదే. టక్. ఏడు అయ్యాయి. మీట తిప్పి ఎనిమిదోదానికి సిద్ధమయ్యాడు.

"బాబూ" అంది వెనకనుంచి వంతెనలావిడ.

"ఏంటమ్మా?"

"మూత."

అతను చెయ్యి లెన్సు మీదికి పోనిచ్చాడు. ఎండ గొట్టం లోపల, నల్లగా, చల్లగా, గట్టిగా మూత తగిలింది. దుకాణంలో కెమెరాకి మూత పెట్టి ఉంటే తెర నల్లగా కనిపించి తనే చెబుతుంది. ఇది చెప్పదు. పక్క కిటికీలోంచి లోకమంతా పచ్చగా కనిపిస్తూనే ఉంటుంది. ఏడు ఫోటోలూ అతను మూతకే తీశాడు.

"నేను మొదటే చూశాను" అన్నాడు మేనేజరు. "పాత కెమెరా కదా, అలాగే ఉంటుందేమో అనుకున్నాను."

"మేమూ చూశాం" అన్నారు ముందు వరసలో నలుగురైదుగురు.

ఫోటోగ్రాఫరు వెనక్కి తిరిగాడు. "మొదటే చెప్పచ్చు కదమ్మా!"

"ఏడు నువ్వాడిన అబద్ధానికి" అంది ఆవిడ, కుర్చీలోంచి కదలకుండా. "ఎనిమిదోది నీ భార్యది. ఒక్కటి చాలు. ఊఁ, కానివ్వు."

అతని చేతులు వణకడం మొదలుపెట్టాయి. మూత తీసి జేబులో పెట్టుకోబోతే కింద పడింది, దొర్లుకుంటూ ముందు వరస దాకా పోయింది. ఒక్కటే మిగిలింది. అది కూడా పోతే ఆమె మాట పోతుంది, అతని మూలంగా పోతుంది. మేనేజరు గొంతు సవరించుకుని ఫోను పైకెత్తాడు. "పోనీలెండి, నేను ఫోన్లో..."

"ఏమండీ!"

ఆ గొంతుకి ప్రహరీ మీది కాకులు లేచిపోయాయి. సూపర్‌వైజరు చేతులు విప్పేసింది. చూపుడువేలు పైకి లేచింది.

"ఇరవై ఏళ్ళుగా ఊరందరి చెవులూ సర్దుతారు, మీ కెమెరా కళ్ళకి గంతలున్నాయో లేదో చూసుకోరా? ఎండలో రెండు వందల మందిని నిలబెట్టి మూతకి ఫోటోలు తీస్తారా? ఆ మెట్ల మీద పడాల్సింది కెమెరా కాదు, మీరు! ఏంటా వణుకు, చలి పెడుతోందా? సార్, మీరా ఫోను జేబులో పెట్టండి, నేను మాటిచ్చాను, మీరివ్వలేదు! ఏయ్ ప్యాకింగు, ఆ టోపీ తియ్యి, నీ నెత్తి మీదేం మొలవలేదు! మీరు చూస్తూ నించున్నారేంటండీ, నొక్కండి!"

మొదట ప్యాకింగు వాళ్ళు నవ్వారు. తర్వాత పాలిషు వాళ్ళు. ఇరవై ఏడు రోజులుగా వాళ్ళందరూ దేని కోసం ఎదురుచూస్తున్నారో అది వచ్చేసింది. రెండు వందల పదకొండు మంది విరగబడి నవ్వారు. వెనక వరస పొడుగాయన పక్కవాడి భుజం మీద వాలిపోయి నవ్వాడు. ఒక ముసలామె నవ్వుతూ ఏడ్చింది, ఏడుస్తూ నవ్వింది. ఫోటోగ్రాఫరుకి ఆ తిట్లు వింటుంటే ప్రాణం లేచొచ్చింది. చేతుల వణుకు ఆగిపోయింది. ఒకటీ అనలేదు, రెండూ అనలేదు. నొక్కాడు.

ఆ రాత్రే దుకాణం వెనక స్నానాల గదిలో రోలు కడిగాడు. ఏడు గళ్ళు గాజులా ఖాళీగా వచ్చాయి. ఎనిమిదో గడిలో ఫ్యాక్టరీ మొత్తం ఉంది.

పది రోజుల తర్వాత గోడంత చేయించి, దుకాణంలో తెల్లగుడ్డ తీసేసి అక్కడ వేలాడదీశాడు. ఫ్యాక్టరీ అప్పటికి మూతపడింది. ఒక్కొక్కళ్ళూ వచ్చి తమని తాము వెతుక్కుని, కనురెప్పలు లెక్కపెట్టుకుని, ఒక చిన్న కాపీ పట్టుకెళ్ళారు. వంతెనలావిడ భూతద్దం తెచ్చి, వరస తర్వాత వరస, మనిషి తర్వాత మనిషిని గంటసేపు తనిఖీ చేసి, "బాగానే బిగించావు, ఒక్కటీ వదులు లేదు" అని వెళ్ళిపోయింది. ఆ ఇనప ముక్కని మాత్రం అతనికి తిరిగిచ్చేసింది.

అందరి తర్వాత వచ్చింది భార్య. గోడ ముందు నిలబడి చాలాసేపు చూసింది. చుట్టూ అందరూ నవ్వుతున్నారు. సరిగ్గా మధ్యలో తను, వేలు చూపిస్తూ, నోరు బారెడు తెరిచి. ఆమె కళ్ళు తుడుచుకోవడం అతను చూశాడు, చూడనట్టు దువ్వెన దారం సరిచేశాడు.

"అందరూ ఇంత బాగా పడ్డారు" అంది చివరికి. "నేను నోరు మూసుకుని ఉన్నప్పుడు తియ్యలేకపోయారా?"

"తీశాను" అన్నాడతను. "ఏడు తీశాను. ఒక్కదాంట్లోనూ ఏమీ రాలేదు."